మనస్సును చదువు శాస్త్రము – మెట్లకడ నిలిచిన విద్యార్థి

బేతంచెర్ల గనులనుండి వచ్చు నాపరాయియు, కడప పేరిటనే దేశమంతట చెల్లుబడియగు నల్లరాయియు కర్నూలు, కడప జిల్లాలలోని పాఠశాలలకు, కచేరీలకు, ఆసుపత్రులకు నేలయై, అరుగై, అన్నింటికంటె ముఖ్యముగా మెట్లయి పరచుకొని యున్నవి. ఎండకు కాలి, వేలాది పాదముల రాపిడికి అద్దమువలె నునుపెక్కిన ఆ మెట్లను గూర్చి, రెండు కాళ్ళును సరిగా నడచు మనము ఒక్కనాడైనను తలపోసి యుండము. చంకలో కర్ర పెట్టుకొని మనోవిజ్ఞానమున ఎమ్మెస్సీ చదువ వచ్చిన యువతికి మాత్రము ఆ శాస్త్రములోని మొదటి పాఠము, తరగతిలోని నల్లబల్లమీద గాక, ఆ మెట్లకడనే ప్రారంభమగుచున్నది.

మెట్లెక్కి, చెమట తుడుచుకొని బల్లమీద కూర్చుండిన ఆమెకు ఆనాడు బోధింపబడునది కర్ట్ లెవిన్ సిద్ధాంతమే కావచ్చును. మానవుని నడవడి వ్యక్తి యొక్కనివలన గాని, పరిసరమొక్కదానివలన గాని కలుగదనియు, ఆ రెంటి సంబంధమునుండియే పుట్టుననియు ఆయన 1936లో ఒక చిన్న సమీకరణముగా వ్రాసిపెట్టెను. ఆయన శిష్యురాలు తమారా డెంబోయు, ఆమెతో కలిసి పనిచేసిన బియాట్రిస్ రైట్‌యు రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి అవయవములు కోల్పోయినవారి మనఃస్థితిని పరిశీలించి, ఆ సమీకరణమును వైకల్యమునకు అన్వయించిరి. కాలు లేకపోవుట ఒకటి, ఆ కారణమున గదిలోనికి పోలేకపోవుట మరియొకటి. రెండవది శరీరములో లేదు, శరీరమునకును భవనమునకును నడుమ నున్నది. 1960లో వెలువడిన రైట్ గ్రంథము నాటినుండి ఈ మాట మనోవిజ్ఞానమున ప్రామాణికముగా నిలిచియున్నది.

నేను చెప్పదలచినది ఒక్కటే. వికలాంగ విద్యార్థికి మనోవిజ్ఞాన శాఖ కల్పించు సదుపాయము ఆ విద్యార్థిమీద చూపు దయ కాదు. ఆ శాస్త్రము తాను బోధించుదానిని తానే నమ్మి ఆచరించుట. తక్కిన శాస్త్రములకు ఈ బాధ్యత చట్టమువలన వచ్చినది. మనోవిజ్ఞానమునకు అది చట్టముకంటె ముందే, తన సొంత పరిశోధనలవలననే వచ్చినది.

ఈ రాయలసీమలో విశ్వవిద్యాలయ విద్య మిగుల పాతది కాదు. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. 1977లో దాని స్నాతకోత్తర కేంద్రము కడపకు వచ్చినది. ఆ కేంద్రమే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయముగా రూపొందినది. రెండేండ్లకు కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయమును ఏర్పడినది. ఉన్నతవిద్య ఇంటికి దగ్గరయిన కొలది, అంతకుముందు తిరుపతి దాక పోలేక ఇంటిపట్టున నిలిచిపోయిన వికలాంగ యువతీయువకులు ఆళ్లగడ్డ, మైదుకూరు, జమ్మలమడుగు ప్రాంతములనుండి పల్లెవెలుగు బస్సెక్కి రాదొడగిరి. ఆ బస్సు మొదటి మెట్టెంత ఎత్తుననున్నదో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు.

చీకటిగదిలో పుట్టిన శాస్త్రము

వైకల్యము మనోవిజ్ఞానమునకు వెలుపలి విషయమని తలచువారు ఆ శాస్త్రముయొక్క పుట్టుకను మరచినవారు. గుస్టావ్ ఫెక్నర్ అను జర్మను పండితుడు లైప్జిగ్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడై యుండి, రంగుటద్దములగుండ సూర్యుని చూచి, చూపు మరల్చినను కంటిలో నిలిచియుండు ఛాయలను పరీక్షించు వ్యాసంగమున 1840 ప్రాంతమున కన్నులు చెడగొట్టుకొని, ఆచార్యపదవిని విడిచి, వెలుతురు సోకినచో బాధ కోర్వలేక, దాదాపు మూడేండ్లు గంతలతో చీకటిగదియందు గడపెను. చూపు మరలివచ్చిన పిమ్మట ఆయన చింతన బాహ్యజగత్తునుండి అంతర్జగత్తునకు తిరిగినది. వెలుతురు, బరువు, ధ్వని మొదలగు బాహ్యోద్దీపనలకును మనస్సులో కలుగు అనుభూతికిని గల లెక్కను నిరూపించుచు 1860లో ఆయన ప్రకటించిన గ్రంథము ప్రయోగాత్మక మనోవిజ్ఞానమునకు పునాదిరాయి యైనది. అదే నగరమున విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పినది 1879లో.

బాల్యమున రికెట్స్ వ్యాధితో బాధపడిన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, శరీరమునందలి లోపమును మనస్సు వేరొక విధమున పూరించుకొనునని 1907లో సిద్ధాంతీకరించెను. ఆ సిద్ధాంతము మేలెంత చేసినదో, లోకము దానిని అర్థము చేసికొన్న తీరువలన కీడును అంతే కలిగినదని నా అభిప్రాయము. కన్ను లేనివానికి జ్ఞాపకశక్తి అమోఘముగా ఉండవలెను. కాలు లేనిది సంగీతమున గాని చిత్రలేఖనమున గాని దిట్టయై యుండవలెను. పత్రికలవారు వచ్చి ఫోటో తీయదగిన విజయమేదైన సాధించిననే వారికి తరగతిలో చోటు. అరువది మార్కులతో ఉత్తీర్ణుడై, ఒక చిన్న ఉద్యోగము సంపాదించుకొని, తల్లిదండ్రులను పోషించుకొను సామాన్య విద్యార్థిగా జీవించు హక్కు తక్కినవారికి ఉన్నట్లే వీరికిని ఉండవలదా? అద్భుతమును ఆశించి ఇచ్చెడి ప్రోత్సాహము ఒక విధమైన భారమే.

ప్రయోగశాలలో

మనోవిజ్ఞానమున ఎం.ఏ. గాని ఎమ్మెస్సీ గాని చదువువారికి ప్రయోగశాల తప్పదు. ఇద్దరిద్దరుగా జతపడి, ఒకరు ప్రయోక్తగాను మరియొకరు ప్రయోజ్యుడుగాను ఉండి, అద్దములో చూచుచు నక్షత్రము గీయుట, చిక్కుదారిని నేర్చుట, బరువుల తేడాను గుర్తించుట మొదలగునవి చేసి రికార్డు వ్రాయవలెను. వీనిలో ప్రసిద్ధమైనది ముల్లర్-లయర్ భ్రాంతి. సమానమైన రెండు గీతలకు చివరల బాణపు రెక్కలను ఒకదానికి లోనికిని, మరియొకదానికి వెలుపలికిని గీసినచో, వెలుపలికి రెక్కలున్నది పొడవుగా తోచును. 1889లో వెల్లడియైన ఈ వింతను కొలుచుటకు నేటికిని విద్యార్థులు వాడునది ఫెక్నర్ ఏర్పరచిన సగటు దోష పద్ధతియే.

చూపు లేని విద్యార్థి ప్రయోగశాలకు వచ్చినపుడు సాధారణముగా వినబడు మాట, "ఇది చూచువారి ప్రయోగము, నీవు రికార్డు మాత్రము వ్రాయుము, మార్కులు వేసెదము" అనునది. అది చెప్పిన అధ్యాపకుడు దుష్టుడు కాడు, దయామయుడే. కాని ఆ దయ విద్యార్థిని శాస్త్రమునుండి వెలివేసినది. ఏలనన, ఈ భ్రాంతి కంటికే పరిమితము కాదు. గీతలను ఉబ్బెత్తుగా చేసి వ్రేళ్ళతో తడివించినపుడు, పుట్టుకతోనే చూపు లేనివారికిని అది కలుగుచున్నదని పరిశోధకులు చూపియున్నారు. దూరమునుబట్టి కన్ను పరిమాణమును సరిచేసికొనుటవలననే ఈ మోసము పుట్టుచున్నదను వాదము ఎంతవరకు నిలుచునను ప్రశ్న అటనుండియే బయలుదేరును. దళసరి అట్టయు, దారమును, జిగురును ఉన్నచో ఆ ఉపకరణము ఒక మధ్యాహ్నములో సిద్ధమగును; దానిని కండ్లకు గంతలు కట్టుకొన్న సహాధ్యాయిమీదను, చూపులేని విద్యార్థిమీదను ప్రయోగించి పోల్చిన జంట, తక్కిన తరగతి అంతయు ఏటేట నకలు చేయు రికార్డుకంటె విలువైన పనియొకటి చేసినదగును. చేతులు వణకు విద్యార్థి అద్దములోని నక్షత్రమును గీయలేకపోవచ్చును. ప్రయోక్తగా కాలమును, తప్పులను లెక్కించుటకు అడ్డేమి?

ప్రయోగశాల తరువాత గ్రంథాలయము. ఆంధ్రదేశమున తెలుగు మాధ్యమమున బి.ఏ. ముగించి, ఇంగ్లీషున స్నాతకోత్తర విద్యకు దిగు విద్యార్థికి ఏ వైకల్యము లేకున్నను మొదటి ఏడాది కష్టమే. చూపు లేనివానికి ఆ కష్టము ఇబ్బడి. ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు 2006లో ప్రారంభించిన ఎన్‌విడిఏ అను స్క్రీన్‌రీడర్ నేడు ఉచితముగా లభించుచున్నది. అది తెలుగును చదివి వినిపింపగలదు. కాని చదువవలసిన పాఠము యూనికోడ్‌లో ఉన్నపుడే. యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కూర్చిన తెలుగు నోట్సును అది అర్థములేని అక్షరముల గుంపుగా పలుకును. జిరాక్సు పుటలను ఫోటోతీసి వాట్సాప్‌లో పంపినచో అసలే పలుకదు. అధ్యాపకుడు టైపు చేయించునపుడు ఏ ఫాంటు వాడుచున్నాడనునది, ఒక విద్యార్థి సెమిస్టరంతయు చదువగలడా లేడా అనుదానిని నిర్ణయించుచున్నదనిన అతిశయోక్తి కాదు. వినికిడి లేని విద్యార్థికి కావలసినది మరింత స్వల్పము: అధ్యాపకుడు నల్లబల్లవైపు తిరిగి గాక, తరగతివైపు తిరిగి మాటలాడుట.

పరీక్ష వచ్చును. వ్రాయలేనివారికి లేఖకుని సహాయమును, గంటకు ఇరువది నిమిషముల అదనపు కాలమును 2018నాటి కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు కల్పించినవి. విద్యార్థి తనవెంట తెచ్చుకొను లేఖకుడు అతనికంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై యుండవలెనని అవి నిర్దేశించినవి. మనోవిజ్ఞాన స్నాతకోత్తర విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కున్నది. గణాంకశాస్త్రపు ప్రశ్నపత్రమున ఒక సూత్రమును, వర్గములను, వర్గమూలములను, సిగ్మా గుర్తులను, అనోవా పట్టికలోని ఒక్కొక్క గడిని నోట చెప్పి, ఆ గుర్తులు ఎన్నడును చూడని డిగ్రీ కుర్రవానిచేత వ్రాయించవలెను. లెక్క తెలియక కాదు, చెప్పుటకే కాలము చాలదు. అదనపు కాలము కొలతను అన్ని పత్రములకును ఒకటిగా నిర్ణయించినవారు ఇట్టి పత్రమును ఊహించి యుండరు.

సర్వోన్నత న్యాయస్థానము 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ వ్యాజ్యమున ఇచ్చిన తీర్పు ఇచ్చట స్మరణీయము. వ్రాయబోవునపుడు చేయి బిగుసుకొనిపోవు వ్యాధిగల ఆ సివిల్ సర్వీసు అభ్యర్థికి, నలుబది శాతము వైకల్యము లేదను కారణమున లేఖకుని నిరాకరించిరి. శాతమునకును సదుపాయమునకును ముడిపెట్టరాదనియు, ఏ వ్యక్తికి ఏది అవసరమో ఆ వ్యక్తినిబట్టియే ఆలోచింపవలెననియు న్యాయస్థానము నిర్ణయించినది. వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున వరుసలో నిలిచి, శాతమును అచ్చువేసిన సర్టిఫికెట్టు పొందిన మనవారందరును తెలిసికొనవలసిన తీర్పిది.

ఎండ, నీరు

దూరనగరములలో వ్రాసిన నియమావళులలో కానరాని సంగతి యొకటి మన సీమలో కలదు. వెన్నుపాము పైభాగమున దెబ్బతిన్నవారికి ఆ దెబ్బకు దిగువ శరీరమున చెమట సరిగా పట్టదు; కావున ఒంటి వేడిని శరీరము తనంతట తాను తగ్గించుకొనలేదు. ఏప్రిల్, మే నెలలలో నలుబది డిగ్రీలు దాటు కడపలోను కర్నూలులోను రేకులకప్పు హాలులో, గాలి తిరుగని మూల, మూడుగంటలకు పైగా అట్టి విద్యార్థిని కూర్చుండబెట్టుట అసౌకర్యము కాదు, అపాయము. అతనికి చల్లని గదిలో పరీక్ష పెట్టుట విలాసము కాదు.

ఇంకొకటి చెప్పుటకు సంకోచమైనను చెప్పవలసినదే. చక్రాలకుర్చీ దూరగల మరుగుదొడ్డి లేనిచోట చదువు ఆడపిల్ల ఉదయమునుండియు నీరు త్రాగుట మానుకొనును. ఇంటికి చేరువరకు బిగపట్టుకొనును. ఈ ఎండలో నీరు త్రాగకుండుటవలన మూత్రకోశ వ్యాధులు వచ్చును, జ్వరము వచ్చును, హాజరు తగ్గును, హాజరు తగ్గినందున పరీక్షకు కూర్చుండనీయరు. ఆ పిల్ల చదువు ఆపివేసినదని రిజిస్టరులో ఎక్కును. కారణము మాత్రము అందుండదు. తలుపు వెడల్పు చేసి, గోడకు ఒక ఇనుపకడ్డీ బిగించుటకు అగు వ్యయమెంత?

2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చిన 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను గుర్తించినది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో ఐదుశాతమునకు తక్కువకాని సీట్లను, ఐదేండ్ల వయఃపరిమితి సడలింపును కల్పించినది. తగిన సదుపాయమును నిరాకరించుటయే వివక్ష యని నిర్వచించినది. ఈ కడపటి మాట ముఖ్యము. చేర్చుకొనకపోవుటయే గాక, చేర్చుకొని మెట్లక్రింద నిలుపుటయు వివక్షయే. 2011 జనాభా లెక్కల ననుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వికలాంగులు 22 లక్షలకు పైబడి యుండిరి.

రోగి కుర్చీ, వైద్యుని కుర్చీ

చదువు ముగిసిన పిమ్మట అసలు పరీక్ష ఎదురగును. మన దేశమున చికిత్సా మనోవిజ్ఞానిగా పనిచేయుటకు ఎం.ఏ. చాలదు, 1992నాటి చట్టముచే ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, ఆ మండలి పట్టికలో నమోదు కావలెను. అందుకై మనవారు సికింద్రాబాదునకును, బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలకును దరఖాస్తు పెట్టుకొందురు. సికింద్రాబాదున బుద్ధిమాంద్యముగలవారికై 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థలో పునరావాస మనోవిజ్ఞానమే ఒక ప్రత్యేక విద్యగా బోధింపబడుచు వచ్చినది. వికలాంగుల పునరావాసముకొఱకే పుట్టిన ఈ వృత్తిలోనికి ఒక వికలాంగురాలు అడుగుపెట్టినపుడు, ఆసుపత్రిలో మొదట అందరును ఆమెను రోగియనియే భావింతురు. చీటీ ఎక్కడ యని కాంపౌండరు అడుగును.

ఆ తరువాత రోగి తల్లి అడుగును. మన సీమ మాటలో సూటిగానే అడుగును: "ఏమ్మా, నువ్వే నడ్సలేకుండావే, మా పిల్లోనికి నువ్వేం జెప్తావు తల్లీ?" ఈ ప్రశ్నలో ద్వేషము లేదు. శిక్షణ ఇచ్చువారు మాత్రము దీనికి సమాధానము నేర్పరు. అది పాఠ్యప్రణాళికలో లేదు. స్వయముగా పోలియో బాధితురాలైన అమెరికను మనోవిజ్ఞాని రోడా ఒల్కిన్ 1999లో, వైకల్యమును గూర్చి చికిత్సకులు తెలిసికొనవలసినదేమో ఒక గ్రంథముగా వ్రాసినది. మన దేశమున అనితా ఘాయ్ ఆ పని చేసినది. ఆమెయు పోలియో సోకినదే. చక్రాలకుర్చీనుండియే ఢిల్లీలో దీర్ఘకాలము మనోవిజ్ఞానమును బోధించి, 2003లో వికలాంగ స్త్రీలను గూర్చియు, 2015లో భారతదేశమున వైకల్యమును గూర్చిన పునరాలోచనయు గ్రంథములుగా వెలువరించి, 2024 డిసెంబరున దివంగతురాలైనది. వైకల్యమును వ్యక్తియొక్క దౌర్భాగ్యముగా చూచుట మానుమని తన శాస్త్రమునే ఆమె నిలదీసినది. ఆమె రచనలు మన ఎం.ఏ. పాఠ్యములలో ఉండదగినవి, తెలుగున రాదగినవి.

చూపు లేనివాడు ఎదుటివాని ముఖకవళికలను చూడలేడు గదా, సలహాదారుగా ఎట్లు పనికివచ్చును అను ఆక్షేపణ తరచు వినవచ్చుచున్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవ దానికి చాలిన ప్రత్యుత్తరము. 14416 అను సంఖ్యకు ఫోను చేసి నంద్యాలనుండి ఒక రైతు అర్ధరాత్రి తన బాధ చెప్పుకొనునపుడు, వినువానికి కన్నులున్నను ముఖము కనబడదు. అక్కడ పనిచేయునది చెవి, ఓర్పు, శిక్షణ. గొంతులోని తడబాటును, మాటకును మాటకును నడుమనున్న మౌనమును చిన్ననాటినుండి విని నేర్చినవానికి ఆ ఉద్యోగమున ప్రథమ ప్రాధాన్యమీయవలెనని నేను దృఢముగా నమ్ముచున్నాను.

కంటికి కనబడని వైకల్యములును కలవు. చట్టము పేర్కొన్న ఇరువదియొక్కటిలో మానసిక వ్యాధియు ఒకటి. మందులు వాడుచు మనోవిజ్ఞానము చదువు విద్యార్థి తరగతిలో తన వ్యాధియొక్క లక్షణములనే పాఠముగా వినుచు, ప్రక్కవాడు నవ్వినపుడు తలదించుకొని కూర్చుండును. చెప్పినచో, ఇట్టివాడు ఇతరులకేమి చికిత్స చేయునందురు. చెప్పకున్నచో, మందు మార్చిన వారమున హాజరునకు మినహాయింపు రాదు. జాన్స్ హాప్కిన్స్ ఆచార్యురాలు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్, తాను బోధించు ఉన్మాద-విషాద వ్యాధి తనకే ఉన్నదని 1995లో ఆత్మకథగా ప్రకటించుటకు పేరుప్రతిష్ఠలు స్థిరపడువరకు ఆగవలసివచ్చినది. ఇరువదిరెండేండ్ల ప్రొద్దుటూరు విద్యార్థినుండి ఆ ధైర్యమును ఎవరు కోరగలరు? అతడు చెప్పుకొనుటకు వెనుకాడని వాతావరణమును కల్పించుట అధ్యాపకుని పని, అతని పని కాదు.

శాఖాధిపతులకు నా మనవి: ప్రవేశపత్రమున "మీకు చదువుటకు ఏ సదుపాయము కావలెను?" అను ప్రశ్నను చేర్చి, దానికి వచ్చిన జవాబునుబట్టి ఆ తరగతిని క్రింది అంతస్తునకు మార్చుడు, నోట్సులను యూనికోడ్‌లో ఇండు, గణాంకముల పత్రమునకు ఆ శాస్త్రము తెలిసిన లేఖకుని సంస్థయే ఏర్పరచునట్లు పరీక్షల విభాగమునకు నేడే వ్రాయుడు. తల్లిదండ్రులకు: సదరం సర్టిఫికెట్టు పింఛనుకొఱకే కాదు, మీ బిడ్డకు విశ్వవిద్యాలయములో సీటును దానివలననే అడుగవచ్చును. విద్యార్థులకు: చేరిన మొదటి వారముననే మీకు కావలసినదానిని వ్రాతమూలకముగా కోరి, 2016 చట్టపు 16, 17 సెక్షనులను అందు పేర్కొని, ముద్రవేసిన నకలును దగ్గర ఉంచుకొనుడు, సమాధానము రానిచో రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు అర్జీ పంపుడు.